డాష్‌బోర్డ్ అంతా గ్రీన్, యూజర్‌కి మాత్రం తెల్ల పేజీ: సింథటిక్ మానిటరింగ్ గురించి టీమ్‌కి ఎలా చెప్పాలి?

కొత్త అడ్మిన్:
అందరికీ నమస్కారం. సర్వర్లు, సైట్లు బాగున్నాయో లేదో చూడటానికి మేం జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాం, ఈమధ్యే 7.0కి మారాం. అందులో కొత్తగా వచ్చిన బ్రౌజర్ ఐటమ్‌తో సింథటిక్ మానిటరింగ్ (యూజర్ చేసే పనిని స్క్రిప్టుతో చేయించి చూడటం) మొదలుపెడదామని నా ఉద్దేశం. మీటింగ్‌లో ఆ మాట ఎత్తితే, "పింగ్ ఉంది, హెచ్‌టీటీపీ చెక్ ఉంది, వెబ్ సినారియోలు ఉన్నాయి. మళ్లీ ఇదెందుకు? రాత్రిళ్లు వచ్చే అలర్ట్‌లు చాలవా?" అన్నారు. వాళ్ల విసుగూ నాకు అర్థమవుతుంది. సర్వర్లు చూసేవాళ్లకీ, హెల్ప్‌డెస్క్ వాళ్లకీ దీన్ని ఎలా చెప్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత ఆపరేటర్:
ఆ పేరుతో మొదలుపెడితే ఎవరికీ ఎక్కదండీ. మీ దగ్గరే జరిగిన ఒక గొడవతో మొదలుపెట్టండి. మా దగ్గర జరిగింది చెబుతాను.

ఒకరోజు పొద్దున్నే సైట్ కొత్త బిల్డ్ (కొత్త వెర్షన్) ఎక్కించారు. సీపీయూ మామూలుగానే ఉంది, డిస్క్ బాగుంది, హెచ్‌టీటీపీ చెక్ 200, అంటే "అంతా ఓకే", అంటోంది. హెల్ప్‌డెస్క్‌కి మాత్రం ఫోన్ల మీద ఫోన్లు. లాగిన్ అయ్యాక తెల్ల పేజీ తప్ప ఏమీ లేదట. తీరా చూస్తే, కొత్త పేజీ అడుగుతున్న జావాస్క్రిప్ట్ ఫైల్ ఒకటి సర్వర్ మీదకి కాపీ కాలేదు. పేజీ అడిగితే సర్వర్ పేజీ ఇచ్చింది, అందుకే 200. కానీ ఆ పేజీలో బటన్లు, పట్టికలు గీయాల్సిన ఫైలే లేదు. వెబ్ సినారియో పేజీలని వరసగా అడిగి చూస్తుందే కానీ జావాస్క్రిప్ట్‌ని నడపదు కాబట్టి దానికీ ఏమీ తెలియలేదు. రెండు గంటలకు పైగా ఇలాగే సాగింది. అంతసేపూ నేను మానిటరింగ్ స్క్రీన్ ముందే కూర్చున్నాను. ఆ బాధ ఇంకా పోలేదు.

మీ టీమ్‌కి ఇదే చెప్పండి. ఇప్పుడున్న చెక్‌లు సర్వర్‌ని "బాగున్నావా" అని అడుగుతాయి. ఇది ఒక నిజమైన బ్రౌజర్ తెరిచి, యూజర్ చేసే పని తనే చేసి చూస్తుంది. యూజర్నేమ్ కొడుతుంది, బటన్ నొక్కుతుంది, చివర్లో కనబడాల్సిన మాట కనబడిందా లేదా చూస్తుంది. ఐదు నిమిషాలకోసారి అంటే రోజుకి 288 సార్లు, ఎవరూ ఆఫీసులో లేని వేళ కూడా.

మొదలు ఒక్క పనితోనే పెట్టండి. అది ఏదో మీరు ఊహించొద్దు, ఏ పని ఆగితే ఎక్కువ ఫోన్లు వస్తాయో హెల్ప్‌డెస్క్ వాళ్లనే అడగండి. వాళ్లు ఎంచిన పని అయితే, రేపు అలర్ట్ వచ్చినప్పుడు పట్టించుకునేది కూడా వాళ్లే.

నైట్ షిఫ్ట్:
నాది వేరే అనుభవం. మేం ఒకేసారి పన్నెండు స్క్రిప్టులు పెట్టాం. మొదటి వారమంతా తప్పుడు అలర్ట్‌లే. బటన్ పేరు మారితే ఎరుపు, పేజీ కాస్త నెమ్మదిస్తే ఎరుపు. నెల తిరక్కుండానే అందరూ వాటిని మ్యూట్ చేసేశారు.

పాత ఆపరేటర్:
మ్యూట్ చేసిన అలర్ట్ ఉన్నా లేనట్టే. మేమూ అక్కడిదాకా వెళ్లి వచ్చాం. స్క్రిప్టులో "3 సెకన్లు ఆగు" అని రాయకండి. "ఈ బటన్ కనబడేదాకా ఆగు, 20 సెకన్లు దాటితే ఫెయిల్" అని రాయండి. బిల్డ్ బిల్డ్‌కీ మారిపోయే, పేజీ కోడ్‌లోని క్లాస్ పేర్లతో బటన్‌ని వెతకొద్దు. టెస్ట్ కోసమే ఒక ఐడీ పెట్టమని డెవలపర్లని అడగండి, వాళ్లకది చిన్న పని. ఒక్కసారి ఫెయిలైతే రికార్డ్ చేసి ఊరుకోండి, వరసగా రెండుసార్లు ఫెయిలైతేనే మనిషిని లేపండి. ఫెయిలైన క్షణంలో స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి. అర్ధరాత్రి నిద్రలోంచి లేచినవాడికి లాగ్ కన్నా ఆ బొమ్మే ముందు పనికొస్తుంది.

టెస్ట్ అకౌంట్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. మాది అందరి అకౌంట్లలాగే 90 రోజులకి పాస్‌వర్డ్ గడువు తీరి, ఒక ఆదివారం తెల్లవారుజామున లాగిన్ పడిపోయిందని అలర్ట్ కొట్టింది. సైట్ బాగానే ఉంది. అప్పటినుంచి ఆ తేదీకి వారం ముందే హెచ్చరించే చెక్ ఇంకోటి పెట్టాం. ఆ అకౌంట్‌కి హక్కులు కూడా వీలైనంత తక్కువే ఇవ్వండి. అది చేసే పనులు మీ రిపోర్టుల లెక్కల్లో కలవకుండా చూసుకోండి.

కొత్త అడ్మిన్:
చాలా థాంక్సండీ. మీరు చెప్పినట్టే హెల్ప్‌డెస్క్‌లో అడిగాను. నేను లాగిన్ అంటారనుకున్నా. వాళ్లు వెంటనే పాస్‌వర్డ్ రీసెట్ అన్నారు. దాంతోనే మొదలుపెడతాను.

పాత ఆపరేటర్:
మంచిది. అయితే పేజీలో "మెయిల్ పంపాం" అని కనబడగానే స్క్రిప్ట్ ఆపేయకండి. ఆ మాట రాసేది వెబ్ సర్వర్, మెయిల్ పంపేది వేరే సర్వర్. టెస్ట్ మెయిల్‌బాక్స్ ఒకటి పెట్టి, మెయిల్ వచ్చిందా, ఎంతసేపట్లో వచ్చింది, అందులోని లింక్ తెరుచుకుంటోందా అన్నదాకా చూడండి. ఇది మాత్రం ఐదు నిమిషాలకోసారి వద్దు, మెయిల్ సర్వర్ ఆ అకౌంట్‌ని బ్లాక్ చేసే ప్రమాదం ఉంది. అరగంటకోసారి చాలు.