పట్టా పొలంలో గ్రానైట్ పడింది, ఆ రాయి ఎవరిది?

గుండ్లకమ్మ_రైతు:
మాది ప్రకాశం జిల్లా, మెట్ట పొలం. తాత నుంచి నాన్నకి, నాన్న నుంచి నాకూ అన్నకీ వచ్చిన పట్టా. ఒక మూల రాతి గుట్ట ఉంది. గ్రానైట్ కంపెనీ మనిషి కన్సెంట్ లెటర్ టైప్ చేయించుకుని మరీ వచ్చాడు. "రాయి గవర్నమెంటుది, మీకిచ్చేది పైన మట్టికి నష్టపరిహారం" అంటున్నాడు. పాసుపుస్తకంలో చూస్తే విస్తీర్ణం, సర్వే నంబరు తప్ప కింద ఏముందో ఎవరిదో ఒక్క ముక్క లేదు. ఇది ఎక్కడ తెలుస్తుంది?

సెక్షన్_శాస్త్రి:
సంతకం పెట్టకండి. 2013 జులై 8న సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి కేరళ మలబారు భూముల కేసులో తేల్చింది: భూగర్భంలో ఉన్నదంతా ప్రభుత్వానిదే అని చెప్పే చట్టం ఏదీ లేదు, చట్టప్రకారం లాగేసుకుంటే తప్ప భూమి ఎవరిదో కింద ఖనిజం కూడా మామూలుగా వాళ్ళదే. పట్టా మీది, రాయి మీది. అంతే.

క్రషర్_కోటి:
అంతేనా? అయితే రేపు జేసీబీ పెట్టి తవ్వుకోమనండి చూద్దాం. 1957 గనుల చట్టం సెక్షన్ 4 ప్రకారం లీజు లేకుండా ఎవడూ తవ్వకూడదు, సొంతదారుడైనా సరే. లీజు ఇచ్చేది మైన్స్ డిపార్ట్‌మెంట్, సీనరేజి (తవ్విన రాయికి కట్టే రాయల్టీ) కట్టించుకునేది వాళ్ళే, పర్మిట్ లేకుండా రాతి బ్లాకు రోడ్డెక్కితే లారీ పట్టుకునేదీ వాళ్ళే. రైతు చేతిలో ఉండేది కన్సెంట్ ఒక్కటే. నేను క్వారీల్లో పనిచేసే మనిషిని, పేపర్లు చదివి చెప్పడం లేదు.

డాలస్_సుబ్బు:
టెక్సాస్‌లో అయితే కౌంటీ క్లర్క్ ఆఫీసులో పాత డీడ్లన్నీ తిరగేస్తే తెలిసిపోతుంది. నా ఇంటి కింద గ్యాస్ హక్కు బిల్డరే అట్టిపెట్టుకున్నాడు, కొనేటప్పుడు ఎవడూ చెప్పలేదు.

క్రషర్_కోటి:
సుబ్బు గారూ, ఇక్కడ గుండ్లకమ్మ గురించి మాట్లాడుతున్నాం.

పాత_అడంగల్:
రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. అబ్బాయ్, ముందు మీ ఊరు ఒకప్పుడు ఏ రకం ఊరో కనుక్కో. రైత్వారీనా (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టిన ఊరు), జమీందారీ ఎస్టేటా, ఇనామా (దానంగా ఇచ్చింది)? మీ వైపు వెంకటగిరి ఎస్టేట్ ఊళ్ళు కూడా ఉన్నాయి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం సెక్షన్ 3 తీసి చూడు, ప్రభుత్వానికి దఖలు పడినవాటిలో గనులు, ఖనిజాలు, క్వారీలు అని పేరుపేరునా రాసి ఉంటుంది. నెల్లూరు వైపు శ్రోత్రియం (ఒక రకం ఇనాం) భూముల్లో అభ్రకం కేసు 1962లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇనాం ఇచ్చినంత మాత్రాన కింద ఖనిజం ఇచ్చినట్టు కాదు, ఇచ్చిన పత్రంలో ఏముందో చూడాలి అన్నారు. కాబట్టి శాస్త్రి గారి 2013 తీర్పు అన్ని ఊళ్ళకీ ఒకేలా అతకదు. తహశీల్దారు ఆఫీసులో ఆర్‌ఎస్‌ఆర్ (పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు) నకలు అడుగు. దాని బదులు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఎస్టేట్ రద్దయ్యాక రాసిన భూముల రిజిస్టరు) ఉందంటే అది ఎస్టేట్ ఊరే అనుకో. గుట్ట ఉన్న ముక్క పట్టాలో ఉందా, 'కొండ పోరంబోకు' అని ప్రభుత్వ భూమిగా విడిగా ఉందా, అదీ ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) పెట్టి చూడు. చాలామందికి అసలు గొడవ అక్కడే తేలిపోతుంది. డీకేటీ పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి) అయితే లెక్క మళ్ళీ వేరు.

మానేరు_మల్లేశ్:
మా కరీంనగర్ దిక్కు క్వారీ గుట్టలు చానా వరకు సర్కారువే. ఏదేమైనా లీజు ఎన్నేండ్లో రాయకుండ సంతకం పెట్టకు తమ్మీ.

సెక్షన్_శాస్త్రి:
కోటి గారు సీనరేజి అన్నారు కదా, అక్కడే పట్టుకుంటాను. 2024 జులై 25న తొమ్మిది మంది జడ్జీల్లో ఎనిమిది మంది ఏమన్నారు? రాయల్టీ పన్ను కాదు, ఖనిజం వాడుకున్నందుకు లీజు తీసుకున్నవాడు లీజు ఇచ్చినవాడికి చెల్లించేది అన్నారు. పన్ను కానప్పుడు అది సొంతదారుడి వాటా. రాయి నాదైతే ఆ వాటా ప్రభుత్వం ఎందుకు తినాలి? 2013లో ఈ ఒక్క ప్రశ్నే తేల్చకుండా పక్కన పెట్టారు.

క్రషర్_కోటి:
మళ్ళీ సీనరేజి! ఆయన అడిగింది సంతకం పెట్టాలా వద్దా అని, మీరేమో ఆ ఒక్క ముక్క పట్టుకుని ఢిల్లీ దాకా పోతున్నారు. ఆ తీర్పు పట్టుకుని మైన్స్ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) టేబుల్ మీద పెట్టండి, వాటా ఇస్తాడేమో. మీలాంటి వాళ్ళ మాట విని కన్సెంట్ ఆపిన రైతుకి చివరికి గుట్టే మిగులుతుంది.

సెక్షన్_శాస్త్రి:
మా నాన్న ఆపలేదండీ, పెట్టాడు. ఒకేసారి ఇంత అని ఇచ్చారు, ఆ డబ్బు చెల్లెలి పెళ్ళికి కూడా చాలలేదు. ఆ గుంతలోంచి బ్లాకులు ఓడలెక్కి పోతుంటే ఆయన ఆ క్వారీలోనే వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. రాయి ఎవరిదో తెలియకపోతే రేటు ఎవడు అడుగుతాడు? అందుకే అడుగుతున్నాను, తీర్పులు బట్టీ కొట్టే సరదా నాకేం లేదు.

క్రషర్_కోటి:
ముందే చెప్పాల్సింది. కానీ మిషన్లు, రాయి కోసే డైమండ్ వైరు, కూలీలు పెట్టేది కంపెనీ. పగుళ్ళొస్తే సగం రాయి డంపుకే పోతుంది. ఆ నష్టంలో కూడా మీ నాన్న వాటా తీసుకునేవాడా?

బోరు_ఎండిన_బాబు:
మీ ఇద్దరికీ ఒక్కటే మాట. మా పక్క పొలం వాడు సంతకం పెట్టాడు, డబ్బు వాడికొచ్చింది. బ్లాస్టింగ్‌కి మా గోడలు నెర్రెలిచ్చాయి. క్వారీ లోతుకి పోయి నీళ్ళు తోడి బయటికి వదలడం మొదలయ్యాక మా బోరు ఆగిపోయింది. నన్ను ఎవడు అడిగాడు? రాయి పట్టాదారుడిదా ప్రభుత్వానిదా అని కొట్టుకుంటున్నారు, రెంటిలో ఏదైనా నాకు ఒరిగేదేంటి?

క్రషర్_కోటి:
పక్కవాళ్ళందర్నీ అడిగి తవ్వాలంటే ఈ జిల్లాలో ఒక్క క్వారీ నడవదు.

బోరు_ఎండిన_బాబు:
నడవద్దనే చెప్తున్నాను.

సెక్షన్_శాస్త్రి:
అది కూడా కుదరదు బాబు గారూ. సొంతదారుడికి తవ్వుకునే హక్కు లేదంటే ఇంతసేపూ నేను ఏం వాదించినట్టు?

గుండ్లకమ్మ_రైతు:
అన్నా, ఆర్‌ఎస్‌ఆర్‌కి దరఖాస్తు పెట్టాను. ఎఫ్‌ఎంబీ నకలు చేతికొచ్చింది, గుట్టలో సగం మా నంబర్లో ఉంది, సగం పోరంబోకు. కంపెనీ మనిషికి ఇప్పుడే వద్దన్నాను. పక్క చేను మా పెదనాన్నది, ఆయన బోరు గుట్టకి ఆనుకునే ఉంది. ఆయన్ని కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి.

క్రషర్_కోటి:
మాట్లాడండి. ఈలోపు ఆ పోరంబోకు సగానికి వాళ్ళు లీజు కోసం ప్రయత్నం మొదలెడతారు, దానికి మీ సంతకం అక్కర్లేదు.

పాత_అడంగల్:
కోటి చెప్పింది నిజమే అబ్బాయ్. రేపే వెళ్ళి ఆ నంబరు మీద అప్లికేషన్ ఏమన్నా పడిందేమో మైన్స్ ఆఫీసులో అడుగు, లేకపోతే సమాచార హక్కు కింద కాగితం పెట్టు.