పక్కనున్న సమ్మర్ క్యాంపు పెద్దదవుతోంది: వద్దని సంతకం పెట్టాలా?

హోన్స్‌డేల్ నాన్న:
అందరికీ నమస్కారం. మేం పెన్సిల్వేనియాలోని వేన్ కౌంటీలో, హోన్స్‌డేల్‌కి పావుగంట దూరంలో ఉంటాం. ఆరేళ్ళ కిందట న్యూజెర్సీ నుంచి వచ్చి ఇక్కడ ఎనిమిదెకరాలు కొనుక్కున్నాం. మా స్థలాన్ని ఆనుకుని ఒక చెరువు, దాని అవతలి గట్టున పిల్లల సమ్మర్ క్యాంపు. మా టౌన్‌షిప్‌లో (ఇక్కడి స్థానిక పాలన) జోనింగ్, అంటే ఎక్కడ ఏది ఉండొచ్చో చెప్పే నిబంధనలు, రాకముందు నుంచే ఉందట. ఇప్పుడు 220 మంది పిల్లలుంటారు. 340 మందికి పెంచుకుంటామని కండిషనల్ యూజ్ (షరతులతో అనుమతి) దరఖాస్తు పెట్టారు. కొత్తగా పది క్యాబిన్లు, ఒక డైనింగ్ హాలు, బస్సులు ఆపుకోడానికి స్థలం. టౌన్‌షిప్‌ను నడిపే సూపర్‌వైజర్ల ముందు హియరింగ్ (విచారణ) వచ్చే గురువారం.

పక్కింటి పెద్దాయన పిటిషన్ పట్టుకుని వచ్చారు. అందులో ఉన్నది ఒక్కటే మాట: "క్యాంపు విస్తరణ వద్దు." అప్పటికే 60 సంతకాలు పడ్డాయి. మేం వచ్చిన మొదటి చలికాలం మేం అడక్కుండానే మా దారిలో మంచు తీసిన మనిషి ఆయన. కాదని ఎలా అనను? అలాగని మా అమ్మాయి రెండు వేసవులు ఆ క్యాంపుకే వెళ్ళింది. ఈత అక్కడే నేర్చుకుంది. ఫోన్ లేకుండా రెండు వారాలు హాయిగా ఉండొచ్చని కూడా అక్కడే తెలుసుకుంది.

నా భయమంతా నీళ్ళ గురించే. ఇక్కడ అందరివీ బోర్లు, సెప్టిక్ ట్యాంకులే. పైగా రోడ్డు ఇరుకు, దారిలో ఉన్న వంతెన మీద ఒకసారి ఒక్క బండే పడుతుంది. నాలుగు రోజులుగా ఒకటే టెన్షన్. సంతకం పెట్టనా, వద్దా?

ఎడిసన్ పిన్ని:
పెట్టకు నాయనా. మా గుడికి హాలు కట్టుకోవాలని అడిగినప్పుడు ఇలాంటి కాగితమే తిప్పారు. హియరింగ్‌లో ఒక్కొక్కరే లేచి ట్రాఫిక్, ట్రాఫిక్ అన్నారు. మేం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అర్ధరాత్రి దాకా విన్నాం. మేమంటే ఇష్టం లేదని ఎవరూ నోరు తెరిచి అనలేదు, కానీ మాకు అర్థమైంది. ఆ రాత్రి కారులో మా అబ్బాయి "మనం ఏం తప్పు చేశాం అమ్మా?" అని అడిగాడు. ఊరికే "వద్దు" అని రాసిన కాగితం చూస్తే ఇప్పటికీ నాకు గుండె దడ వస్తుంది. ఆ క్యాంపు పిల్లలు కూడా పిల్లలే కదా.

పాత ప్లానర్:
నేను పెన్సిల్వేనియాలో ఒక టౌన్‌షిప్ ప్లానింగ్ కమిషన్‌లో తొమ్మిదేళ్ళు కూర్చున్నాను. పిన్నిగారి బాధ నాకు తెలుసు, ఆ కుర్చీలోంచి అలాంటివి చాలా చూశాను. కానీ అసలు సంగతి వేరే ఉంది. పిటిషన్ వల్ల పెద్దగా జరిగేదేమీ లేదు.

1968 నాటి రాష్ట్ర చట్టం మున్సిపాలిటీస్ ప్లానింగ్ కోడ్ కింద కండిషనల్ యూజ్ అంటే, ఆ వాడకం ఆ జోన్‌లో ఉండొచ్చని టౌన్‌షిప్ ముందే ఒప్పుకున్నట్టు. దరఖాస్తుదారు ఆర్డినెన్స్‌లో (టౌన్‌షిప్ జోనింగ్ నిబంధనల్లో) రాసిన షరతులన్నీ తీర్చానని చూపిస్తే చాలు. ఆ తర్వాత నష్టం జరుగుతుందని నిరూపించాల్సిన భారం ఎదిరించేవాళ్ళ మీదే పడుతుంది. "ట్రాఫిక్ పెరుగుతుందేమో", "నీళ్ళు తగ్గుతాయేమో" అంటే సరిపోదు, గట్టి ఆధారం కావాలి. అక్కడికి వచ్చి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పని 60 మంది సంతకాలను కోర్టు లెక్కలోకి తీసుకోవడం కష్టం. అదీగాక, జోనింగ్ కంటే ముందు నుంచీ ఉన్న వాడకం సహజంగా పెరగడానికి ఈ రాష్ట్రం కోర్టులు రక్షణ ఇస్తాయి. పూర్తిగా ఆపేస్తామనుకోవడం అత్యాశ.

కాబట్టి గురువారం వెళ్ళగానే పార్టీగా, అంటే విచారణలో ఒక పక్షంగా, మీ పేరు నమోదు చేయించుకోండి. మీది పక్క స్థలమే కాబట్టి మీకు ఆ అర్హత ఉంటుంది. పార్టీ అయితే వాళ్ళ ఇంజనీరును మీరే ప్రశ్నలు అడగొచ్చు. స్టెనోగ్రాఫర్ ప్రతి మాటా రాసుకుంటారు. రేపు అప్పీలుకు వెళ్తే మిగిలేది ఆ రికార్డే. ఆఖరి హియరింగ్ తర్వాత 45 రోజుల్లో సూపర్‌వైజర్ల బోర్డు రాతపూర్వకంగా నిర్ణయం ఇవ్వాలి. దాని మీద కౌంటీ కోర్టుకు వెళ్ళాలంటే 30 రోజులే గడువు.

ఇక నీళ్ళ సంగతి. సెప్టిక్ లెక్క అడగండి. మనిషికి రోజుకు 50 గ్యాలన్లు అనుకున్నా, అదనంగా వచ్చే 120 మంది పిల్లలకే 6,000 గ్యాలన్లు. సిబ్బంది దీనికి అదనం. ఒక స్థలంలో మురుగు రోజుకు 10,000 గ్యాలన్లు దాటితే రాష్ట్ర పర్యావరణ శాఖ పర్మిట్ కావాలి. క్యాబిన్లకీ పార్కింగ్‌కీ కలిపి ఎకరం, అంతకు మించి నేల తవ్వితే వాననీటికి ఇంకో పర్మిట్. మీ చెరువులోకి వచ్చే వాగు రాష్ట్రం వాళ్ళ హై క్వాలిటీ (మేలైన నీళ్ళున్న వాగుల) జాబితాలో ఉంటే అది ఇంకా కఠినంగా ఉంటుంది. ఈ పర్మిట్లు చేతికి వచ్చాకే పునాది తీయాలని ఆర్డర్‌లో రాయించండి. బోరు పరీక్ష కూడా అడగండి: కట్టడానికి ముందు ఒకసారి, నిండా పిల్లలున్న జులైలో ఒకసారి.

పైక్ కౌంటీ రైతుబిడ్డ:
ప్లానర్ గారూ, మీ మాటల్లో తప్పు లేదు, కానీ నేను ఒప్పుకోను. షరతులు రాయించడం తేలిక. వాటిని చూసేదెవరు? మా టౌన్‌షిప్‌లో జోనింగ్ ఆఫీసర్ వారానికి రెండు పూటలు వస్తారు. శనివారం రాత్రి పదకొండింటికి మైకు మోగుతుంటే ఎవరికి ఫోన్ చేయాలి? మా ఇంటి దగ్గర ఒక చోట "పిల్లల క్యాంపు" అన్నారు. యజమాని అమ్మేశాడు. కొన్నవాళ్ళు మే నుంచి అక్టోబరు దాకా వారం వారం పెళ్ళిళ్ళు చేయిస్తున్నారు. అనుమతి మనిషికి కాదు, భూమికి అంటుకుని ఉంటుంది. ఇవాళ మంచివాళ్ళే కావచ్చు. రేపు ఎవరొస్తారో?

ఇంకో మాట. మా వైపు మంటలార్పేది వాలంటీర్లు. హైడ్రెంట్లు లేవు, ట్యాంకర్‌లో నీళ్ళు మోసుకొస్తారు. ఒక్క బండే పట్టే వంతెన మీద ఒకవైపు నుంచి ట్యాంకర్, ఇంకోవైపు నుంచి పిల్లల బస్సులు వస్తే? నేనైతే సంతకం పెడతాను.

కేటీ అమ్మ:
నేను టెక్సాస్ నుంచి రాస్తున్నాను. 2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నది పొంగి ఇక్కడి క్యాంప్ మిస్టిక్ అనే సమ్మర్ క్యాంపులో పిల్లలు, కౌన్సెలర్లు కలిపి 27 మంది పోయారు. ఆ వారమంతా మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. 2013లో, తర్వాత కూడా, ఆ క్యాంపు భవనాలు కొన్నిటిని ఫెమా (అమెరికా విపత్తుల సంస్థ) తన వరద మ్యాపు నుంచి తీసేసిందని తర్వాత బయటపడింది. ఇక్కడ కౌంటీలకు మామూలుగా జోనింగ్ అధికారమే లేదు. ఆ సెప్టెంబరులోగానీ వరద ముప్పున్న చోట క్యాబిన్లు వద్దని రాష్ట్రం చట్టం చేయలేదు.

మీకు అడిగే చోటు ఒకటుంది, అక్కడ మీ మాట రాసుకునే మనిషి ఉన్నాడు. దయచేసి ఆ పది క్యాబిన్లు చెరువుకీ వాగుకీ ఎంత దూరంలో, ఎంత ఎత్తులో కడుతున్నారో అడగండి. మ్యాపులో గీత బయట ఉందంటే నమ్మి వదిలేయకండి. పెద్ద వానకు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటి పెద్దాయనకు తెలిసే ఉంటుంది. ఆయన్ని పిటిషన్‌తో కాదు, ఆ జ్ఞాపకంతో సాక్ష్యం చెప్పమనండి.

పాత ప్లానర్:
అమ్మా, నేను మర్చిపోయినదే మీరు చెప్పారు.

రైతుబిడ్డ గారూ, అమలు విషయంలో మీ కోపం న్యాయమే. కానీ షరతు మీరితే టౌన్‌షిప్ రోజుకు 500 డాలర్ల దాకా జరిమానా అడగొచ్చు, ప్రతి రోజూ వేరే ఉల్లంఘన కిందే లెక్క. టౌన్‌షిప్ కదలకపోతే 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి ఇరుగుపొరుగే కోర్టుకు వెళ్ళొచ్చు. అయితే రాసి ఉన్న షరతు ఉంటేనే ఇదంతా. పెళ్ళిళ్ళ భయం ఉందా? "పిల్లల నివాస క్యాంపుకు మాత్రమే, జూన్ నుంచి ఆగస్టు వరకు, బయటివాళ్ళకు అద్దెకివ్వరాదు" అని రాయించండి. స్థలం ఎవరికి అమ్మినా షరతు దాన్ని వదలదు. అనుమతి భూమికి అంటుకుంటుందన్నారే, షరతూ అంతే. ఇంకో సంగతి: పెరగనివ్వకపోతే క్యాంపు అమ్మకానికి వచ్చే ప్రమాదం ఉంది, కొన్నవాళ్ళు అక్కడ ఏం కడతారో తెలీదు. పక్కనే ల్యాకవానా కౌంటీ ఆర్చ్‌బాల్డ్‌లో డేటా సెంటర్ల గొడవ చూస్తూనే ఉన్నాం.

పైక్ కౌంటీ రైతుబిడ్డ:
కోర్టుకు వెళ్ళడానికి లాయరు ఫీజు ఎవరిస్తారండీ? అక్కడ మీతో ఏకీభవించలేను. అద్దెకివ్వరాదన్న షరతు మాత్రం మా ఊళ్ళో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

హోన్స్‌డేల్ నాన్న:
అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం పెద్దాయన ఇంటికి వెళ్ళాను. సంతకం పెట్టలేనని ముందే చెప్పేశాను. ఆయన ముఖం చిన్నబోయింది, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నీళ్ళ సంగతి అడిగితే లేచి నన్ను చెరువు గట్టు మీదికి తీసుకెళ్ళారు. ఒక పెద్ద వానకు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపించారు. ప్లానులో మూడు క్యాబిన్లు ఆ చోటికి కిందే ఉన్నాయి! ఇది ఆయన నోటితోనే హియరింగ్‌లో చెప్పాలని అడిగాను, సరేనన్నారు.

నేను పార్టీగా చేరి అడిగేవి ఇవి: ఆ మూడు క్యాబిన్లు పైకి జరపాలి, సెప్టిక్ పర్మిట్ రాకుండా పునాది తీయకూడదు, బోర్ల పరీక్ష వాళ్ళ ఖర్చుతో, బస్సులు వచ్చే రోజు వంతెన దగ్గర మనిషి ఉండాలి, బయటివాళ్ళకు అద్దె వద్దు. ఇవి రాసిస్తే 340 మంది పిల్లలు రావడం నాకు సంతోషమేనని కూడా అక్కడే చెప్తాను. క్యాంపు డైరెక్టరుకు ముందే ఈ కాగితం పంపాను. చాటుగా చేసినట్టు ఉండకూడదని.

గురువారం సాయంత్రం ఏడింటికి. పెద్దాయనకు రాత్రిపూట కారు నడపడం కష్టం, నాతోనే వస్తున్నారు. పిటిషన్ కూడా తెస్తానన్నారు. తెచ్చుకోండి అన్నాను.