మెల్బోర్న్ పబ్‌లో తీరికగా స్టేక్ భోజనం

ప్రశ్న: ఆదివారం మధ్యాహ్నం మెల్బోర్న్‌లోని ఒక పబ్‌లో మిత్రులతో తీరికగా స్టేక్ (మందంగా కోసి కాల్చిన గొడ్డుమాంసం ముక్క) తినాలనుకుంటున్నాను. మాంసంలో ఏ భాగాన్ని ఎంచుకోవాలో, ఎంతవరకు కాల్చమనాలో దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1: కొవ్వు చారలు నిండుగా ఉండే స్కాచ్ ఫిల్లెట్ (పక్కటెముకల దగ్గరి మాంసం) మృదువుగా ఉంటుంది, రంప్ (వెనుక తుంటి భాగం) కొంత గట్టిదైనా, అసలైన మాంసపు రుచి అందులోనే ఉందని నా అభిప్రాయం. లోపలి వేడి సుమారు 55 డిగ్రీల సెల్సియస్‌కు చేరే మీడియం రేర్ అనే సగం కాలిన స్థితి‌లో మధ్యభాగం గులాబీ రంగులో కనిపిస్తుంది కాబట్టి, ఉడకలేదేమోనని కంగారు పడనక్కరలేదు.

జవాబు 2: చాలా పబ్‌లలో మనమే కౌంటర్ వద్దకు వెళ్లి, టేబుల్ నంబరు చెప్పి, ముందుగానే డబ్బు చెల్లించాలి, టిప్పు తప్పనిసరి కాదు. మధ్యాహ్నం తర్వాత వంటగదిని కాసేపు మూసివేసే చోట్లు కూడా ఉన్నందున, ఎంతసేపు కూర్చోదలచినా ఆర్డరు మాత్రం పెందలాడే ఇవ్వండి.

జవాబు 3: మిరియాల సాస్‌ను విడిగా గిన్నెలో ఇమ్మనండి, పైన పోయిస్తే పక్కనున్న చిప్స్ (వేయించిన పొడవాటి బంగాళాదుంప ముక్కలు) మెత్తబడిపోతాయి.