పాదం ఆపరేషన్‌కి నడుముకి సూదా, కాలికి మాత్రమే మత్తా?

నల్లకుంట కోడలు:
మా అత్తయ్యకి బొటనవేలు పక్కకి వంగి, వేలి మొదలు దగ్గర ఎముక పొడుచుకొచ్చింది, చెప్పు వేసుకోలేకపోతున్నారు. వయసు 62, షుగర్ ఉంది, గుండెకి స్టెంట్ వేశారు, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. చీలమండ దగ్గర నర్వ్ బ్లాక్ (పాదం నరాలకి మాత్రమే మత్తు) ఇచ్చి ఆపరేషన్ చేసి సాయంత్రానికి ఇంటికి పంపిస్తామంటున్నారు సర్జన్. నడుముకి సూది ఇచ్చి ఒక రాత్రి ఉంచుకుంటేనే మంచిదని మా బావగారి పట్టు. ఎవరి మాట వినాలి?

కూకట్‌పల్లి కాలనీ:
బావగారి మాటే వినండి. పోయినేడాది నా పాదానికి ఇలాగే బ్లాక్ ఇచ్చి పంపేశారు, హాయిగా తిని పడుకున్నాను, అర్ధరాత్రి దాటాక మత్తు విడిచింది చూడండి, ప్రాణం పోయినంత పనైంది. హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. వార్డులో ఉండుంటే నర్సు ఒక ఇంజెక్షన్ ఇచ్చేది కదా!

మత్తు డాక్టర్, సికింద్రాబాద్:
మిమ్మల్ని అలా పంపేయడం తప్పే. బుపివకైన్ అనే మత్తుమందుతో ఇచ్చిన బ్లాక్ 10 నుంచి 16 గంటల దాకా పనిచేస్తుంది, అంతసేపూ నొప్పి తెలియదు కాబట్టి ఎవరూ మాత్ర వేసుకోరు, తీరా మత్తు విడిచేసరికి ఒంట్లో నొప్పి మందే ఉండదు. తిమ్మిరి ఉండగానే, పడుకునే ముందే మాత్ర పడాలి, ఈ ముక్క పేషెంట్‌కి చెప్పి పంపాల్సింది మేమే. నడుముకి ఇచ్చిన మత్తు మాత్రం ఏం ఆదుకుంటుంది? రెండు మూడు గంటల్లో విడిచిపోతుంది, ఆ తర్వాత రాత్రంతా నొప్పే.

ఇక అత్తయ్యగారి విషయంలో అసలు చూడాల్సింది క్లోపిడోగ్రెల్. నడుముకి సూది వేయాలంటే దాన్ని 5 నుంచి 7 రోజుల ముందే ఆపాలి, స్టెంట్ ఉన్న మనిషికి గుండె డాక్టర్‌ని అడగకుండా ఆపడం ప్రమాదం. చీలమండ బ్లాక్‌లో పాదానికి వెళ్లే అయిదు నరాల దగ్గర మందు వేస్తాం, అవి పెద్ద లోతులో ఉండవు, రక్తం వచ్చినా వేలితో నొక్కిపట్టి ఆపొచ్చు. వెన్నులో కారితే ఎక్కడని నొక్కుతాం? పైగా బీపీ పడిపోవడం, మూత్రం ఆగిపోవడం లాంటి నడుము మత్తు బాధలు చీలమండ బ్లాక్‌లో ఉండవు.

ఒక్కటి మాత్రం అడగండి. షుగర్ వల్ల పాదంలో స్పర్శ ఇప్పటికే తగ్గి ఉంటే బ్లాక్ ఎక్కువసేపు ఉండొచ్చు, కాబట్టి ముందే పరీక్షించి కేసు షీట్‌లో రాయమనండి.

నల్లకుంట కోడలు:
మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. మెట్లెక్కగలరా?

మత్తు డాక్టర్, సికింద్రాబాద్:
మోకాలి వెనక ఇచ్చే బ్లాక్ అయితే పాదం వేలాడిపోతుంది, మెట్ల మీద పడిపోతారు. చీలమండ దగ్గరైతే చీలమండ కీలు కదులుతుంది, అయినా పాదం మొద్దుబారి ఉంటుంది కాబట్టి వాకర్ పెట్టుకుని పక్కన ఇద్దరు పట్టుకోవాలి. కుదరకపోతే కుర్చీలో మోసుకెళ్లండి. కాపడం మాత్రం పెట్టొద్దు, కాలినా తెలియదు.

కూకట్‌పల్లి కాలనీ:
మందు సంగతి ఒప్పుకుంటాను సార్. కానీ రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తే డాక్టర్ నంబర్ డిశ్చార్జ్ కాగితం మీద రాసివ్వని చోట మాత్రం ఒప్పుకోవద్దమ్మా, అక్కడైతే రాత్రికి ఉండిపోవడమే మేలు.

మత్తు డాక్టర్, సికింద్రాబాద్:
ఆ మాటకి నాదీ ఓటే. ఆ నంబర్‌కి ఆపరేషన్‌కి ముందే ఒకసారి ఫోన్ చేసి చూడండి.