పాత ఏ320 మీద టైప్ రేటింగ్ ఇప్పుడు తీసుకోవచ్చా, నియో కోసం ఆగాలా?

ప్రశ్న: హెబ్బాళ వాసి

మా అన్నయ్య కొడుకు బెంగళూరులోనే విమాన మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ చదివి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరీక్షలన్నీ గట్టెక్కి, ఏ విమానం మీద టైప్ రేటింగ్ (అంటే ఒక ఫలానా రకం విమానం పని చూసే అర్హత) తీసుకోవాలో తేల్చుకోలేక మా ఇంట్లో కూర్చుని ఉన్నాడు. సీఎఫ్ఎం56 ఇంజిన్ ఉన్న పాత ఏ320, అంటే సీఈఓ రకానికి, వెంటనే సీటు దొరుకుతోంది. లీప్ ఇంజిన్ ఉన్న కొత్త ఏ320, అంటే నియోకైతే వచ్చే ఏడాది దాకా ఆగమంటున్నారు. మా అన్నయ్య గుంటూరు నుంచి ఫోను చేసినప్పుడల్లా, పాత బండి మీద పని నేర్చుకుంటే ఆ బండితోపాటే వీడూ మూలన పడతాడని బాధపడుతున్నారు. ఫీజు లక్షల్లో ఉంది, నేనేమో బ్యాంకు ఉద్యోగిని. ఏ320 సీఈఓ, బోయింగ్ వారి 737 ఎన్‌జీ, 757 వంటి ఒకే నడవ ఉన్న పాత విమానాలు ఇంకా ఎన్నాళ్లు ఎగురుతాయో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: హ్యాంగర్ మనిషి, యలహంక

మీ అన్నగారు విమానం వయసును ఏళ్లలో లెక్కపెడుతున్నారు. మేము సైకిళ్లలో లెక్కపెడతాం. విమానం పైకి వెళ్లిన ప్రతిసారీ లోపలి పీడనానికి డొల్ల, అంటే విమానం ఒడలు, కాస్త ఉబ్బుతుంది, దిగాక మళ్లీ సర్దుకుంటుంది. అది ఒక సైకిల్. ఇక్కడి నుంచి చెన్నైకి ముప్పావు గంటలో దిగినా ఒకటే, దుబాయికి నాలుగు గంటలు ఎగిరినా ఒకటే. 1988 ఏప్రిల్‌లో హవాయిలో అలోహా సంస్థ 737-200 విమానానికి గాలిలోనే పైకప్పు ఊడిపోయినప్పుడు దాని వయసు 19 ఏళ్లే, కానీ దీవుల మధ్య చిన్న ప్రయాణాలతో అప్పటికే 89,680 సైకిళ్లు తిరిగింది, దానికి తోడు సముద్రపు ఉప్పుగాలి. ముసలి విమానాల తనిఖీ ఇంత కట్టుదిట్టం కావడానికి ఆ ప్రమాదమే కారణం.

ఏ320కి మొదట 48,000 సైకిళ్లుగా ఉన్న పరిమితిని, అదనపు తనిఖీలు, మార్పులు చేయించుకుంటే 60,000 సైకిళ్లు లేదా 1,20,000 గంటల వరకు పొడిగించే వీలు కల్పించారు. చెక్‌ల కోసం ఆగిన రోజులు పోను ఏడాదికి సుమారు 2,000 సైకిళ్లు తిరుగుతుందనుకుంటే, 2021లో చివరగా బయటికి వచ్చిన సీఈఓలకు డొల్ల వరకైతే 2050 దాకా ఆయువు ఉన్నట్టే.

అయితే ఆయువు ఉండటం వేరు, దాన్ని నిలబెట్టడానికి అయ్యే ఖర్చు వేరు. ఈమధ్య పద్దెనిమిదేళ్ల విమానం ఒకటి సీ చెక్‌కు, అంటే విప్పి చూసే పెద్ద తనిఖీకి, వచ్చింది. వెనక గ్యాలీ (వంటగది) కింద నేల పలకలు ఎత్తి చూస్తే, ఏళ్ల తరబడి ఒలికిన కాఫీ, పళ్లరసం కిందికి దిగి, అడ్డదూలం అంచు వేలితో తాకితే తెల్లటి పొడిగా రాలుతోంది. తుప్పు గీకి, మిగిలిన లోహం మందం కొలిచి, అది మాన్యువల్ ఇచ్చిన హద్దుకు తక్కువని తేలాక, ఆ ముక్క తెప్పించి బిగించేసరికి తొమ్మిది రోజులు పట్టింది. ఇటువంటి పని పాత విమానాల్లోనే చేతికి వస్తుంది.

జవాబు: లీజు లెక్కలు, ఇందిరానగర్

పై జవాబులోని డొల్ల లెక్కతో నాకు పేచీ లేదు గాని, విమానం ఎప్పుడు రిటైర్ కావాలో తేల్చేది చాలాసార్లు ఇంజినే. ఇంజిన్‌లో తిరిగే డిస్కులకు సైకిళ్ల గడువు ఉంటుంది, అది తీరితే మార్చక తప్పదు. ఆ ఓవర్‌హాల్ ఖర్చు విమానం విలువతో పోటీ పడే స్థితి వచ్చినప్పుడు యజమాని విమానాన్ని విప్పి, ఇంజిన్లను, భాగాలను విడివిడిగా అమ్ముకుంటాడు.

2023కు ముందు సీఈఓల గతి ఇదే అనుకున్నాం. నియోలకు లీప్ కాకుండా అమర్చే మరో రకం ఇంజిన్ ప్రాట్ అండ్ విట్నీ జీటీఎఫ్. ఆ ఏడాది దాని భాగాల తయారీకి వాడిన లోహపు పొడిలో లోపం బయటపడి, ఒక్క ఇండిగోలోనే డజన్ల కొద్దీ నియోలు నేలకు పరిమితం కావడంతో, ఆ లోటు పూడ్చడానికి పాత సీఈఓలను మళ్లీ లీజుకు తెచ్చుకోవలసి వచ్చింది. మరో వింత ఏమిటంటే, విదేశాల్లో పదేళ్లైనా నిండని కొన్ని నియోలను ఇంజిన్ల కోసమే విప్పేస్తున్నారు. ముసలివాళ్లు పొలం పనికి వెళ్లడం, పడుచువాళ్లు మంచమెక్కడం అంటే ఇదే. కానీ ఈ కొరత తీరిన రోజున సీఈఓల లీజు ధర దిగుతుంది, అది మాత్రం అబ్బాయికి ముందే తెలిసి ఉండాలి.

జవాబు: మీనంబాక్కం రాత్రి డ్యూటీ

నేను చెన్నైలో సరకు విమానాల వైపు పనిచేస్తున్నాను. ప్రయాణికులు దిగిపోయినంత మాత్రాన విమానం పని అయిపోదు. 757 తయారీ 1,050 విమానాలతో 2004లోనే ఆగిపోయింది, అయినా చెన్నై కేంద్రంగా నడిచే బ్లూ డార్ట్ ఏవియేషన్ వాటినే సరకుకు వాడుతూ, వాటికి తోడుగా 737 ఎన్‌జీ రకమైన 737-800లను తెచ్చుకుంది. ముందువైపు ఎడమ పక్కన డొల్ల కోసి పెద్ద తలుపు అమర్చి, కిటికీలకు లోహపు పలకలు బిగించి, నేలను గట్టిపరిస్తే ప్రయాణికుల 737-800 దాదాపు 23 టన్నుల సరకు మోస్తుంది. ఏ320 కుటుంబంలోని పొడవైన ఏ321ను ఇలాగే మార్చిన రకానికి కింది అంతస్తులోనూ కంటైనర్లు పడతాయి, అది 737కు లేని సౌకర్యం. ఇండిగో 2022లో తెచ్చుకున్న సరకు విమానం ఆ రకమే.

మరొకటి ఎవరూ తలచుకోలేదు. మాకు దగ్గరలోని అరక్కోణం రాజాళి స్థావరం నుంచి నౌకాదళం నడిపే పీ-8ఐ సముద్ర నిఘా విమానాలు 737-800 వంశానివే, ఇంజిన్లు సీఎఫ్ఎం56లే. మీ బెంగళూరులోని డీఆర్‌డీఓ విభాగం నేత్ర మార్క్-2 అనే గగనతల రాడార్ నిఘా విమానం కోసం ఎంచుకున్నవి కూడా ఎయిర్ ఇండియా వాడిన 6 పాత ఏ321లు. అందువల్ల 737, ఏ320 కుటుంబాలు ప్రయాణికుల పట్టికల నుంచి తప్పుకున్నాక కూడా సరకు, రక్షణ రంగాల్లో చాలాకాలం కనిపిస్తాయి. 757 సంగతి వేరు, దాని మీద రేటింగ్‌కు డబ్బు పెట్టమని నేను చెప్పను.

హెబ్బాళ వాసి

అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ అబ్బాయికి చదివి వినిపించాను. సీఈఓ మీద తీసుకుంటే తర్వాత నియోకు మళ్లీ మొదటి నుంచి చదవాలా అన్నది వాడి సందేహం.

హ్యాంగర్ మనిషి, యలహంక

అక్కరలేదు. లైసెన్సులో సీఎఫ్ఎం56 ఏ320, లీప్ ఏ320 వేర్వేరు పేర్లుగానే నమోదవుతాయి గాని, డొల్ల, హైడ్రాలిక్స్, ల్యాండింగ్ గేర్ చాలావరకు ఒకటే కాబట్టి, రెండోదానికి తేడాల కోర్సు చేసి, ఆ ఇంజిన్ మీద ప్రాక్టికల్ చూపిస్తే సరిపోతుంది. నా మాట వింటే సీటు వదులుకోవద్దు. అయితే డబ్బు కట్టే ముందు, ప్రాక్టికల్‌కు నిజంగా విమానం చూపిస్తారా, లేక వీడియోలతో సరిపెడతారా అన్నది అబ్బాయిని స్వయంగా వెళ్లి అడగమనండి. మా హ్యాంగర్‌కు వచ్చే కుర్రాళ్లలో సగం మందికి ఆ విషయం ఫీజు కట్టాకే తెలుస్తోంది.