కెన్యా టీ పొడి, పాలు లేకుండా పొద్దున్నే: వగరు తగ్గేదెలా?

బీచ్‌రోడ్_నడక:
కెన్యా పొడి, పీఎఫ్1 గ్రేడు. మామూలు టీలాగే గిన్నెలో మరిగిస్తే నాలుక పట్టేస్తోంది. నీళ్లు బోరువి, కప్పులో పైన తెట్టు కడుతోంది. కొలతలు, నిమిషాలు చెప్పండి.

సీతమ్మధార_డికాషన్:
మరిగించడమే తప్పండి. పీఎఫ్1 సీటీసీ రకం, ఆకును నలిపి, చింపి, చుట్టిన సన్న గుళిక. ఆకు టీకి నాలుగైదు నిమిషాలు పట్టే సారం దీనికి రెండు నిమిషాల్లో దిగిపోతుంది. ఆ తర్వాత దిగేది చాలావరకు వగరే. పాల టీలో ఆ వగరుని పాలలోని ప్రోటీన్ పట్టేస్తుంది గనక మరిగించినా చెల్లుతుంది, ఉత్త నీళ్లలో చెల్లదు.

200 మి.లీ. నీళ్లకి 2 గ్రాములు. నీళ్లు తెర్లగానే స్టవ్ కట్టేసి, పొడి వేసి, మూత పెట్టి, గడియారం చూసుకుని రెండు నిమిషాలు. వడకట్టేటప్పుడు జల్లెడలో పిప్పిని చెంచాతో నొక్కొద్దు. చప్పగా ఉంటే పొడి అర గ్రాము పెంచండి, టైము మాత్రం పెంచొద్దు. గుళిక బరువుగా ఉంటుంది, చెంచా లెక్క నమ్మకండి. ఒక్కసారి కాటా మీద తూచి, ఆ చెంచానే ఉంచేసుకోండి.

గాజువాక_కప్పు:
తెట్టు నీళ్ల వల్లే. బోరు నీళ్లలోని కాల్షియం, టీలోని పాలీఫినాల్స్ (వగరునిచ్చే పదార్థాలు) కలిసి పైన పొరలా కడతాయి. కుళాయి నీళ్లు వాడండి, లేదా బోరు నీళ్లలో సగం ఆర్‌వో కలపండి. నాలుగు చుక్కల నిమ్మరసం వేసినా పొర కట్టదు. వడకట్టాకే పిండాలి. రంగు వెంటనే పలచబడుతుంది, అది పులుపు చేసే పని. సారమేమీ తగ్గదు.

భీమిలి_గాలి:
కొనేటప్పుడు గ్రేడు చూడండి. బీపీ1 గుళిక పెద్దది, మూడు నిమిషాలు ఓర్చుకుంటుంది. పాలు లేకుండా తాగేవాళ్లకి నేను చెప్పేది అదే. పీఎఫ్1 అంతకంటే సన్నం, డస్ట్ మరీ సన్నం. డస్ట్ పాల టీకే బాగుంటుంది. కెన్యాలో తేయాకు మొదట 1903లో లిమురులో నాటారు, ఇప్పుడు కెరిచో, నంది కొండలు పేరున్న చోట్లు. మలావీలో ములాంజే, థ్యోలో. రూయిబోస్‌ని కూడా ఆఫ్రికా టీ అని అమ్ముతారు, అది దక్షిణాఫ్రికా మొక్క, తేయాకే కాదు, కెఫీన్ ఉండదు.

ఎంవీపీ_పొద్దు:
చల్లారాక మబ్బుగా అవుతోంది, పాడైనట్టా?

సీతమ్మధార_డికాషన్:
కాదండి. చల్లబడేకొద్దీ కెఫీన్, టీకి రంగునిచ్చే థియాఫ్లావిన్‌లు జతకట్టి మబ్బు కమ్ముతుంది. చిక్కగా దిగిన మంచి టీకే అలా ఎక్కువ. కొంచెం వేడినీళ్లు పోస్తే తేరుకుంటుంది.

గాజువాక_కప్పు:
మన వైజాగ్ తేమకి పొడి తొందరగా మెత్తబడిపోతుంది. పావు కేజీకి మించి తెచ్చుకోవద్దు. బిగుతు మూత స్టీలు డబ్బా, తడి లేని చెంచా, పొయ్యికీ పోపుల డబ్బాకీ దూరం. ఇంగువ వాసన ఇట్టే పట్టేస్తుంది. వేళ్ల మధ్య నలిపితే గుళిక కరకరలాడాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లు టీకీ మాత్రకీ కనీసం గంట ఎడం ఉంచండి, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు.

బీచ్‌రోడ్_నడక:
అదే పిప్పితో రెండో కప్పు వస్తుందా?

భీమిలి_గాలి:
రాదండి. సీటీసీ మొదటి నీళ్లకే ఖాళీ అయిపోతుంది, రెండోసారి రంగునీళ్లే. రెండు కప్పులు కావాలంటే ముందే 400 మి.లీ.కి 4 గ్రాములు వేసి, మొత్తం ఒకేసారి వడకట్టి ఫ్లాస్కులో పోసుకోండి.