చిల్పెరిక్‌ను గుండోబాడ్ నిజంగానే చంపాడా?

పాతపుటలు:
రోమ్ పతనం తర్వాత రోన్ నది లోయను ఏలిన బర్గండియన్ రాజు గుండోబాడ్ తన సోదరుడు చిల్పెరిక్‌ను కత్తికి బలిచేశాడనీ, అతని భార్య మెడకు రాయి కట్టి నీళ్లలో ముంచేశాడనీ టూర్ బిషప్ గ్రెగరీ రాశాడు. ఫ్రాంకుల రాజు క్లోవిస్‌ను పెళ్లాడిన క్లోటిల్డా ఆ దంపతుల కూతురే. నేను ఈ కథనాన్ని నమ్ముతాను. 472లో రోమ్‌లో ఆంథెమియస్ చక్రవర్తినే చంపినవాడికి తోడబుట్టినవాడు ఒక లెక్కా?

రోన్‌తీరం:
పాతపుటలు గారూ, చంపగలవాడైనంత మాత్రాన చంపాడని తేలదు. గ్రెగరీ ఈ మాట రాసింది ఎన్నో దశాబ్దాల తర్వాత, అదీ ఫ్రాంకుల ఏలుబడిలో. 523లో క్లోటిల్డా కొడుకులు బర్గండీ మీద పడ్డారు. తన తల్లిదండ్రుల పగ తీర్చమని ఆమే వాళ్లను పురికొల్పిందని గ్రెగరీ అంటాడు. గుండోబాడ్ 516లోనే పోయాడు. చిక్కింది అతని కొడుకు సిగిస్మండ్. అతన్ని భార్యాబిడ్డలతో సహా చంపి బావిలో పడేశారు. ఇంత ఘోరానికి ఒక సాకు కావాలి కదా! అటు నీళ్లలో ముంచిన తల్లి, ఇటు బావిలో పడేసిన కుటుంబం. ఈ రెండూ ఇంత చక్కగా అతకడమే నా అనుమానానికి కారణం. వియెన్ బిషప్ అవిటస్ అయితే గుండోబాడ్‌కే రాసిన లేఖలో, సోదరుల మరణాలకు మీరు కన్నీరు కార్చారని గుర్తుచేశాడు. అది సమకాలికుడి మాట.

పాతపుటలు:
రాజవంశీకుల సంఖ్య తగ్గడం రాజ్యానికి అదృష్టమేనన్న ధోరణి కూడా అదే లేఖలో ఉంది. ఏలినవారిని ఓదార్చే బిషప్ ఇంకెలా రాస్తాడు? 500లో జరిగింది చూడండి. మరో సోదరుడు గోడెగిసెల్ క్లోవిస్‌తో చేతులు కలపడంతో గుండోబాడ్ డిజోన్ దగ్గర ఓడి అవిన్యోన్‌కు పారిపోయాడు. తేరుకున్నాక వియెన్‌ను ముట్టడించాడు. తిండి చాలక గోడెగిసెల్ సామాన్యులను నగరం నుంచి వెళ్లగొట్టాడు. వాళ్లలో నీటికాలువల బాగోగులు చూసే పనివాడు ఒకడున్నాడు. అతను కడుపుమంటతో ఆ కాలువ దారినే సైన్యాన్ని లోపలికి నడిపించాడు. గోడెగిసెల్‌ను చర్చిలోనే చంపేశారు.

రోన్‌తీరం:
గోడెగిసెల్ విషయంలో నాకూ పేచీ లేదు. అవెన్ష్ బిషప్ మారియస్ ఆ హత్యను తన వార్షిక వృత్తాంతంలో నమోదు చేశాడు. అవెన్ష్ అంతకుముందు బర్గండియన్ల ఏలుబడిలోనిదే. అలాంటి చోట కూర్చుని రాసినవాడు చిల్పెరిక్ హత్య గురించి ఒక్క ముక్కైనా రాయలేదు. ఆ మౌనానికి మీరు సమాధానం చెప్పేదాకా గ్రెగరీ ఒక్కడి మాట మీద గుండోబాడ్‌ను దోషిగా నిలబెట్టడానికి నేను ఒప్పుకోను.